క్రాప్ సెన్సర్ కెమెరాకు 2,499 డాలర్లా?

కొండారెడ్డి బురుజు (కర్నూలు):
2022 మేలో ఫ్యూజీ తన క్రాప్ సెన్సర్ (బొమ్మను పట్టే చిప్పు ఫుల్ ఫ్రేమ్ కన్నా చిన్నదిగా ఉండే) కెమెరా ఎక్స్-హెచ్2ఎస్‌ను అమెరికాలో 2,499 డాలర్ల ధరతో ప్రకటించింది. అదే నెల కెనాన్ తన క్రాప్ సెన్సర్ ఆర్7ను 1,499కే ప్రకటించింది. పెద్ద సెన్సర్ ఉన్న కెనాన్ ఫుల్ ఫ్రేమ్ ఆర్6 కూడా 2020లో 2,499కే వచ్చింది కదా! నా లెక్కన ఫ్యూజీ 1,999 దాటకూడదు. ఆ తేడా మీద మనకు 18 శాతం జీఎస్టీ కూడా పడుతుంది.

పెన్నా గట్టు (అనంతపురం):
కాదప్పా, ఆర్7 కన్నా ఎక్కువైన ఆ వెయ్యి సెన్సర్ సైజుకు కాదు, వేగానికి. ఫ్యూజీది స్టాక్డ్ సెన్సర్ (పొరలుగా పేర్చి, వేగంగా చదివేలా చేసింది), మొత్తం చదవడానికి సుమారు 6 మిల్లీసెకన్లు. ఆర్7కి దాదాపు 30. రోళ్లపాడు అభయారణ్యంలో పరిగెత్తే కృష్ణజింక వెంబడి కెమెరా తిప్పండి. వెనక ఫ్రేము నిలువునా ఉన్న కరెంటు స్తంభం సెకనులో ఈ అంచు నుంచి ఆ అంచుకు పోయిందనుకుంటే, ఆర్7 ఎలక్ట్రానిక్ షట్టర్‌లో (తెర కదలకుండా సెన్సర్‌ను వరస వెంట వరసగా చదివే పద్ధతిలో) అది 200 పిక్సెళ్లు ఒరుగుతుంది. ఫ్యూజీలో 40 లోపే.

లంకమల (కడప):
మెకానికల్ షట్టర్ (నిజంగా కదిలే తెర) పెట్టుకుంటే ఆ వంకర పెద్దగా రాదు కదా సామీ. ఆర్7లో సెకనుకు 15 ఫ్రేములు, జింకకు చాలవా?

పెన్నా గట్టు:
జింకకు చాలు. కొమ్మ మీంచి పక్షి లేచే క్షణానికి చాలవు. మీట నొక్కకముందే ఫ్రేములు పట్టే ప్రీ షూటింగ్ రెండింట్లోనూ ఎలక్ట్రానిక్ షట్టర్‌తోనే. పైగా ఇలాగే క్రాప్ సెన్సర్‌తో వేగంగా తీసే నికాన్ డి500 ధర 2016లో 1,999. అమెరికా ధరల పెరుగుదల కలిపితే 2022కి 2,400 దాటుతుంది.

లంకమల:
అప్పుడు నికాన్‌లో ఆ వేగం ఫుల్ ఫ్రేములో కావాలంటే డి5కి 6,499 పెట్టాలి. అందుకే డి500 చవగ్గా కనబడింది. 2022లో పక్కనే ఆర్6 ఉంది, ఆ పోలిక చెల్లదు.

పెన్నా గట్టు:
ఆర్6ది 20 మెగాపిక్సెళ్లు. ఫ్యూజీకి అందినంత దూరం అదే 400 ఎం.ఎం. లెన్సుతో కావాలంటే బొమ్మ మధ్యభాగమే కోసుకోవాలి; ఫుల్ ఫ్రేమ్ వైశాల్యం ఫ్యూజీ సెన్సర్‌కు 2.25 రెట్లు కాబట్టి ఆ 20ని 2.25తో భాగించండి, 9 కూడా మిగలవు. ఫ్యూజీలో 26 నిండుగా ఉంటాయి. (లంకమల అడవిలో చాలా అరుదైన కలివి కోడి పక్షి కనబడితే మాత్రం ఏ కెమెరా అయినా చవకే.)

కొండారెడ్డి బురుజు:
సరే, వేగానికి ఖరీదెంతో ఫ్యూజీనే చెప్పింది. సెప్టెంబరులో అదే బాడీలో స్టాక్డ్ కాని 40 మెగాపిక్సెళ్ల సెన్సర్ పెట్టి ఎక్స్-హెచ్2ను 1,999కి అమ్మింది. అంటే వేగానికి 500. ఆర్7 కన్నా మిగిలిన 500 దేనికి?

పెన్నా గట్టు:
వ్యూఫైండర్ (కన్ను పెట్టి చూసే చిన్న తెర) 57.6 లక్షల చుక్కలు, ఆర్7ది 23.6 లక్షలే. వేగమైన మెమరీ కార్డుకు సీఎఫ్‌ఎక్స్‌ప్రెస్ టైప్ బీ స్లాటు, ఎడిటింగుకు వీలైన ప్రోరెస్ వీడియో కెమెరా లోపలే రికార్డింగు.

లంకమల:
ప్రోరెస్ పెళ్లి వీడియోలోళ్లకు సామీ. పక్షులోడు దానికెందుకు కట్టాలి?