అప్‌డేట్: ఎండకు వెనకపడుతున్న చెరువు గడియారం కుదుటపడింది

అల్లూరు దగ్గర మా రొయ్యల చెరువు గట్టు మీద ఆక్సిజన్ రీడింగ్ రాసుకునే బాక్స్ పెట్టామనీ, దాని గడియారం వేసవిలో నెలకు దాదాపు నిమిషం వెనకపడుతోందనీ ఇంతకుముందు అడిగాను. బ్యాటరీ కాదు, గడియారాన్ని నడిపే క్వార్ట్జ్ క్రిస్టల్‌ను అనుమానించమన్న అన్నకు థాంక్స్. అదే నిజం.

జీపీఎస్ మాడ్యూల్ సెకనుకొకసారి ఇచ్చే పల్స్‌ను ఆధారంగా తీసుకుని 32.768 కిలోహెర్ట్జ్ క్రిస్టల్ సైకిళ్లు లెక్కపెట్టించాను. వెయ్యి సెకన్లు లెక్కపెడితే ఒక్క సైకిల్ తేడా అంటే పది లక్షల్లో 0.03 వంతు. ఈ పనికి అంత ఖచ్చితత్వం చాలా ఎక్కువే. ఈ రకం క్రిస్టల్ 25 డిగ్రీల దగ్గర అన్నిటికంటే వేగంగా ఉంటుంది. అటు వేడెక్కినా, ఇటు చల్లబడినా వెనకపడుతుంది, అదీ 25 నుంచి ఎన్ని డిగ్రీల తేడా ఉందో దాని వర్గాన్ని (స్క్వేర్) బట్టి. ఆ వర్గాన్ని సుమారు 0.034తో గుణిస్తే ఎన్ని పీపీఎం (పది లక్షల్లో ఎన్ని వంతులు) వెనకపడుతుందో వస్తుంది. రోహిణి కార్తె ఎండకు బాక్స్ లోపల 55 డిగ్రీలుంటే 30 పీపీఎం, అంటే రోజంతా అలాగే ఉంటే రెండున్నర సెకన్లకు పైనే.

ఇప్పుడు క్రిస్టల్‌కు ఆనించి ఉష్ణోగ్రత సెన్సర్ అతికించి, తేడాను ప్రోగ్రామ్‌లో కూడబెట్టి, సెకను నిండగానే గడియారంలో కలుపుతున్నాను. 25 డిగ్రీల దగ్గర కూడా ఉండే స్థిరమైన తేడాను విడిగా తీసేశాను. ఇప్పుడు నెలకు రెండు మూడు సెకన్లు దాటడం లేదు.

ఓపిక లేనివాళ్లు డీఎస్3231 అనే గడియారం చిప్ కొనుక్కోండి, ఈ దిద్దుబాటంతా అదే చేసుకుంటుంది. నాకు మాత్రం లెక్క చూడాలనిపించింది. మిగిలింది ఉప్పుగాలి. బోర్డుకు కోటింగ్ వేయాలి.