‘బ్లూ పోల్స్’ను తెలుగులో ఏమనాలి?

ప్రశ్న:
మా అమ్మాయి కాన్‌బెర్రాలో ఉంటుంది. అక్కడి ఆస్ట్రేలియా జాతీయ చిత్రశాల గురించి తెలుగువాళ్ల పత్రికకు వ్యాసం రాస్తూ ఫోను చేసింది. “నాన్నా, ‘బ్లూ పోల్స్’ను తెలుగులో ఏమంటాం?” అని. “నీలి స్తంభాలు” అనేశాను. ఫోను పెట్టేశాక మనసొప్పలేదు.

బొమ్మ చూడనివారి కోసం నాలుగు మాటలు. అమెరికన్ చిత్రకారుడు జాక్సన్ పోలక్ 1952లో వేసిన నైరూప్య చిత్రమిది, ఇప్పుడు ఆ చిత్రశాలలోనే ఉంది. ఎత్తు 2 మీటర్ల పైమాట, పొడవు దాదాపు 4.9 మీటర్లు. ఎనామెల్, అల్యూమినియం రంగులను ఒలకబోసి, చిమ్మి, ధారలు కట్టించాడు. గాజు ముక్కలు కూడా ఆ రంగులో అంటుకుని ఉన్నాయి. ఆ అల్లిక మీద ఎనిమిది ముదురు నీలం గీతలు. ఒక్కటీ నిటారుగా ఉండదు. వాటి పక్కల నుంచి ముళ్లలాంటి కొసలు పొడుచుకొచ్చి ఉంటాయి.

జవాబు:
స్తంభం బరువు మోయాలండీ. వేయి స్తంభాల గుడిలో పైకప్పు ఉంది, ఇక్కడేముంది? కరెంటు స్తంభమైనా తీగలు మోస్తుంది. గుంజ అంటే నేలలో పాతి గొడ్డును కట్టేస్తాం. రాట అనగానే పందిరి గుర్తొస్తుంది. దేనికీ కట్టుబడకుండా అటూ ఇటూ ఒరిగే పొడవాటి కర్రకు మనకు ‘గడ’ ఉంది కదా! పడవవాడి చేతిలో ఉండేది అదే. నా ఓటు గడకే.

మరొకరు:
ఆ నీలం గీతలను చెక్కబద్దకు రంగు పూసి, దాన్ని కాన్వాసుకు అద్ది వేశాడంటారు. అలాంటప్పుడు ‘బద్దలు’ అంటే? పగిలిపోవడమన్న అర్థం కూడా వస్తుంది, గాజు ముక్కలకూ సరిపోతుంది.

మొదట జవాబిచ్చినవారు:
చమత్కారం బాగుంది కానీ, ‘నీలి బద్దలు’ అని చదివితే ఏదో ప్రమాదం జరిగిందనుకుంటారు.

ఇంకొకరు:
మీరంతా ‘పోల్స్’ దగ్గరే ఆగిపోయారు. ‘నీలి’తోనే అసలు చిక్కు. పక్కన ‘చిత్రం’ అన్న మాట పడిందో, పాఠకుడి ఆలోచన ఎటు పోతుందో చెప్పనక్కర్లేదు! అందుకే ‘నీలం’ అనండి. ‘నీలివార్త’ అంటే గాలికబురని కూడా అర్థం, అది మాత్రం ఈ బొమ్మ కథకు అతుకుతుంది. 1973లో ఆస్ట్రేలియా దీన్ని కొన్నప్పుడు, తాగిన మత్తులో పోలక్ స్నేహితులూ దీని మీద చెయ్యి వేశారని ఒక అమెరికన్ పత్రిక రాసింది. చెప్పుల్లేని తాగుబోతులు వేసిన బొమ్మ అని ఒక సిడ్నీ పత్రిక దాన్నే శీర్షిక చేసింది. పోలక్ భార్య లీ క్రాస్నర్, తనూ చిత్రకారిణే, ఆ మాట ఒప్పుకోలేదు.

గొడవంతా ధర మీదే. 13 లక్షల ఆస్ట్రేలియా డాలర్లు. చిత్రశాల సంచాలకుడు జేమ్స్ మోలిసన్‌కు 10 లక్షలు దాటి ఖర్చు పెట్టే అధికారం లేదు. ప్రధాని గాఫ్ విట్లం అనుమతిచ్చి, ధర కూడా బయట పెట్టమన్నాడు. చిత్రశాల తలుపులు తెరిచింది 1982లో. అంటే గోడ కన్నా ముందు బొమ్మ వచ్చిందన్నమాట. జనం తిడుతుంటే విట్లం దాన్నే తన క్రిస్మస్ కార్డు మీద అచ్చు వేయించాడు! 2016లో ఒక సెనేటరు దీన్ని అమ్మేయమన్నాడు. అప్పటికి దాని విలువ 35 కోట్ల డాలర్లని అంచనా.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. నేనూ కొంత వెతికాను. దీని మొదటి పేరు ఒట్టి ‘నంబర్ 11, 1952’. పేరు పెడితే జనం బొమ్మను వదిలేసి పేరులోని వస్తువు కోసం వెతుకుతారని, పోలక్ అప్పట్లో అంకెలే వేసేవాడు. ‘బ్లూ పోల్స్’ అన్న పేరు 1954లో, న్యూయార్క్‌లోని సిడ్నీ జానిస్ గ్యాలరీ ప్రదర్శనలో కనిపించింది. అంతే, ఇప్పుడెవరికైనా ముందు కనబడేవి ఆ ఎనిమిదే. కింద అల్లుకున్న వెండి, నారింజ, పసుపు ధారలు వెనక్కి పోయాయి. అందుకే నాకూ బరువైన మాట వద్దనిపించింది.

‘నీలం గడలు’ అని చెప్పాను. అమ్మాయికి నచ్చింది. ప్రూఫు మాత్రం నేనే చూస్తానన్నాను. ‘డ’ కింద పొరపాటున ఒక్క వత్తు పడితే ఉల్లిగడ్డల పక్కన చేరుతుంది.