సంక్రాంతి పిండివంటలు డల్లాస్‌కి, మెల్‌బోర్న్‌కి, హైదరాబాద్‌కి: విరగకుండా, కస్టమ్స్‌లో ఆగకుండా ఎట్లా పంపాలి?

గుండ్లకమ్మ (ఒంగోలు)

సంక్రాంతికి మూడు పార్శిళ్లు కట్టాలి. డల్లాస్‌లో తమ్ముడికి, మెల్‌బోర్న్‌లో ఆడబిడ్డకి, హైదరాబాద్‌లో పిన్ని వాళ్లకి. ఒక్కొక్కరికి అరిసెలు 2 కిలోలు, చక్రాలు ఒక కిలో, సున్నుండలు ఒక కిలో, గోంగూర పచ్చడి అరకిలో, వెంకటగిరి చీర ఒకటి, ఉదయగిరి చెక్క గరిటెలు నాలుగు అనుకున్నాం. పెట్టె ఎట్లా సర్దాలి? ఎప్పటికి బుక్ చెయ్యాలి? వీటిలో పంపకూడనివి ఏమన్నా ఉన్నాయా?

పెన్నా గట్టు (నెల్లూరు)

విదేశాలకు పోయేవి డిసెంబరు 15 లోపల బుక్ చెయ్యండి. క్రిస్మస్ రద్దీలో పడితే పెట్టె ఎక్కడో ఒకచోట వారం పది రోజులు ఊరికే కూర్చుంటుంది. పండక్కి ముందే చేరినా నష్టం లేదు, కనుమ దాటాక చేరితేనే ఉసూరుమంటుంది. వంట కూడా ఆ తేదీని బట్టే పెట్టుకోండి, బుకింగ్‌కి రెండు రోజుల ముందు.

అరిసెలు చెడేది తడి వల్ల. లేత పాకం అరిసె మెత్తగా బాగుంటుంది గానీ లోపల తడి ఎక్కువ, బూజు తొందరగా పడుతుంది. దూరం పోయేవాటికి పాకం ఒక పిసరు ముదరనివ్వండి, నీళ్లలో వేస్తే ఉండ గట్టిగా నిలవాలి. వేయించగానే రెండు చెక్కల మధ్య పెట్టి నూనె గట్టిగా ఒత్తెయ్యండి. తర్వాత తెల్లగుడ్డ మీద విడివిడిగా పరిచి రాత్రంతా ఆరనివ్వాలి. ఎక్కువమంది పొరపాటు చేసేది ఇక్కడే. పైన చల్లగా తగిలినా నడిమధ్యలో వేడి ఉంటుంది, అట్లా కవర్లో పెడితే ఆవిరి లోపలే నీరై మూడో రోజుకు తెల్లమచ్చ వస్తుంది. ఆరాక పదేసి దొంతర పెట్టి, మధ్యలో బటర్ పేపరు వేసి, గాలి తీసిన కవర్లో కట్టండి. అరిసెలకు వాక్యూమ్ ప్యాకింగ్ బాగా పనిచేస్తుంది.

చక్రాలకు మాత్రం వాక్యూమ్ వద్దే వద్దు. గాలి పీల్చేటప్పుడు కవరే వాటిని నలిపేస్తుంది. పిండిలో వెన్న తగ్గించండి, ఎక్కువైతే గుల్లబారి పట్టుకుంటేనే విరుగుతాయి. పెద్ద చుట్లు కాకుండా రెండు చుట్ల చిన్నవి చెయ్యండి. గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వరసకొక టిష్యూ పేపరు వేస్తూ పేర్చి, మూత పెట్టి ఊపి చూడండి. చప్పుడు వస్తే ఇంకా కాగితం కూరాలి. స్టీలు డబ్బా బరువు, దానికీ కిలోల లెక్కనే డబ్బు కడతారు.

పచ్చడి గాజు సీసాలో పెట్టొద్దు. విమానంలో గాలి ఒత్తిడి తగ్గేసరికి సీసాలోని గాలి ఉబ్బి నూనెను మూత సందుల్లోంచి బయటికి తోస్తుంది. మందపాటి కవర్లో ముప్పాతిక వంతే నింపి వేడితో సీలు వేయించండి. దాన్ని ఇంకో కవర్లో పెట్టి మళ్లీ సీలు, ఆ మీద మూత డబ్బా. చీరను విడిగా ప్లాస్టిక్ కవర్లో సీలు చేసి, పచ్చడికి ఆ చివర పెట్టండి. నూనె మరక కన్నా ఇంగువ వాసన మొండిది.

ఐదు పొరల కొత్త అట్టపెట్టె తీసుకోండి. అడుగున బరువైన అరిసెలు, మీద చక్రాలు, చుట్టూ రెండంగుళాలు నలిపిన కాగితం. చిరునామా, ఫోన్ నంబరు రాసిన చీటీ ఇంకోటి లోపల కూడా వెయ్యండి, పైన అంటించింది ఊడినా పెట్టె చేరుతుంది.

మగ్గం గుంట (వెంకటగిరి)

పై ఆయన సర్దడం చెప్పారు, నేను కాగితాల సంగతి చెప్తా.

ప్రైవేటు కొరియర్ వాళ్లు తూకం ఒక్కటే చూడరు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తారు, రెండింట్లో ఏది ఎక్కువైతే దానికే బిల్లు. 40, 30, 30 పెట్టె అయితే 7.2 కిలోలు. లోపల 5 కిలోలే ఉన్నా 7.2కే కట్టాలి. అందుకే పెట్టెను సరుక్కి తగ్గట్టు కోయించండి.

అమెరికాకు తపాలా పార్శిళ్లు 2025 ఆగస్టులో ఆగి, అక్టోబరు 15 నుంచి మళ్లీ మొదలయ్యాయి. ఇప్పుడు సుంకం ఏదన్నా ఉంటే బుకింగ్ దగ్గరే తీసుకుంటున్నారు. 100 డాలర్ల లోపు బహుమతికి సుంకం లేదు. మంచి వెంకటగిరి చీర ఒక్కటే ఆ హద్దు దాటించేస్తుంది, కాబట్టి చీరను వేరే పార్శిల్ చెయ్యండి. ధర తగ్గించి రాయొద్దు, పట్టుకుంటే పిండివంటలు కూడా దాంతోపాటే ఆగుతాయి.

కస్టమ్స్ ఫారంలో 'గిఫ్ట్', 'ఫుడ్ ఐటమ్స్' అని గుండుగుత్తగా రాస్తే విప్పి చూస్తారు. 'హోమ్‌మేడ్ రైస్ ఫ్లోర్ అండ్ జాగరీ స్వీట్, 2 కేజీ' అని ఒక్కోదానికీ పేరు, బరువు, విలువ రాయండి. అమెరికాకు ఆహారం పంపితే అక్కడి ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకు ముందుగా తెలపాలన్న నిబంధన ఉంది. మన ఇంట్లో మనం చేసి మనవాళ్లకు పంపే బహుమతికి దాన్నుంచి మినహాయింపు. కొట్లో కొన్న స్వీట్లకు ఆ మినహాయింపు వర్తించదు.

మెల్‌బోర్న్‌తోనే జాగ్రత్త. ఆస్ట్రేలియా వాళ్లు పాల పదార్థాల మీద చాలా గట్టి. నెల్లూరు మలై కాజా, పాలకోవా, మైసూర్ పాక్ అసలు పెట్టొద్దు. సున్నుండల్లో నెయ్యి బాగా పడుతుంది కదా, అవి కూడా మానుకోండి. చెక్క గరిటెల మీద బెరడు గానీ, పురుగు తొలిచిన బెజ్జం గానీ ఉండకూడదు. ఒక్కోటి వెలుగులో తిప్పి చూసి, ఫారంలో 'వుడెన్ స్పూన్స్' అని చూపండి. పండ్ల పెట్టెలు, గుడ్ల అట్టలు, ఎండుగడ్డి ప్యాకింగ్‌కి వాడొద్దు.

గుండ్లకమ్మ (ఒంగోలు)

చాలా థాంక్సండీ. తమ్ముడు మొలకొలుకులు బియ్యం రెండు కిలోలు, గుమ్మానికి మామిడాకుల తోరణం అడుగుతున్నాడు. పెట్టొచ్చా?

మగ్గం గుంట (వెంకటగిరి)

రెండూ వద్దు. ఖాప్రా అనే ధాన్యపు పురుగు ఉన్న దేశాల నుంచి ఇట్లా సొంతానికి పంపే బియ్యాన్ని అమెరికా రానివ్వదు, ఆ జాబితాలో మనమూ ఉన్నాం. పచ్చి ఆకులు, విత్తనాలు, పచ్చి కరివేపాకు కూడా అంతే. గుడ్డతో కుట్టిన తోరణం పెట్టండి.

బస్టాండు వెనక (కావలి)

హైదరాబాద్ పార్శిల్‌కి ఇంత హంగు అక్కర్లేదు. ఆర్టీసీ కార్గోలో సాయంత్రం బస్సుకు వేస్తే మామూలు రోజుల్లో తెల్లారేసరికి దిగుతుంది. ఒక రాత్రి ప్రయాణమే కాబట్టి మలై కాజా కూడా పంపొచ్చు, పాకం పూర్తిగా ఓడ్చి డబ్బాలో పెట్టండి. ఇంటికి తెచ్చిస్తారా, బస్టాండుకు పోయి తీసుకోవాలా అన్నది బుకింగ్ అప్పుడే అడిగి రాయించుకోండి. రశీదు ఫోటో వెంటనే పిన్ని వాళ్లకు పంపి, గుర్తింపు కార్డు తీసుకెళ్లమనండి. ఆలస్యంగా తీసుకుంటే నిల్వ రుసుం పడుతుంది.

పండక్కి ముందు నాలుగు రోజులు బస్సులన్నీ కిటకిట, పార్శిళ్లు తర్వాతి బస్సుకు, మర్నాటికి జరుగుతుంటాయి. జనవరి 8, 9 తేదీల్లో వేసెయ్యండి. పెట్టె మీద 'చక్రాలు, పైన బరువు పెట్టొద్దు' అని తెలుగులోనే పెద్దక్షరాలతో రాయండి, ఎత్తి దించే వాళ్లు చదివేది అదే.