1966 మస్టాంగ్ 289కి అమెరికా నుంచి పార్టులు: ఆర్డర్ పెట్టే ముందు కొన్ని సందేహాలు

పాతబండి_66:
బండి 1966 ఫోర్డ్ మస్టాంగ్ హార్డ్‌టాప్. 289 ఘనపు అంగుళాల వీ8 ఇంజన్, సీ4 ఆటోమేటిక్ గేర్‌బాక్సు, నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులే. ఛాసిస్ నంబరు 6ఆర్07సీతో మొదలవుతుంది. బండి ఉన్నది అమెరికా బయట. కావాల్సినవి ఇవి: వాటర్ పంపు, నాలుగు చక్రాల బ్రేకు షూలు, వీల్ సిలిండర్లు, మాస్టర్ సిలిండర్, ముందు ఎడమ ఫెండర్, ముందు షాక్ అబ్జార్బర్లు, ముందు చక్రాల బేరింగులు, ఆయిల్ ఫిల్టర్లు.
అన్నీ కలిపి ఒకే పెట్టెలో తెప్పించుకోవచ్చా? "1965-66 మస్టాంగ్" అని రాసి ఉంటే కళ్లు మూసుకుని తీసేసుకోవచ్చా?

రెంచి_916:
కళ్లు తెరిచే తీసుకోండి, ముఖ్యంగా వాటర్ పంపు.
ముందుగా ఛాసిస్ నంబరు సంగతి. 6 అంటే 1966, ఆర్ అంటే శాన్ హోసే ఫ్యాక్టరీ, 07 హార్డ్‌టాప్, సీ అంటే రెండు బారెళ్ల కార్బురేటర్ ఉన్న 289. ఇదంతా ఫ్యాక్టరీ గేటు దాటిన రోజు లెక్క. ఆ తర్వాత ఎవరైనా 302 ఇంజన్ దింపి ఉంటే పైనుంచి చూసి పోల్చుకోవడం కష్టం. స్టార్టర్ విప్పితే దాని పైన బ్లాకు మీద పోత నంబరు కనిపిస్తుంది. అది రాసుకున్నాకే ఇంజన్ సామాన్ల జోలికి వెళ్లండి.
ఇక పంపు. 1965 దాకా అల్యూమినియం పంపు, 1966 నుంచి పోత ఇనుము పంపు. టైమింగ్ కవర్ (ఇంజన్ ముందు పంపు బిగించే మూత) కూడా దానికి తగ్గట్టు మారింది. అందుకే "1965-66" అని కలిపి రాసిన చోట ఆగి అడగండి. ఇంకో తేడా: 1969 వరకు వచ్చిన పంపులకి రేడియేటర్ కింది హోస్ తగిలే మూతి కుడివైపు ఉంటుంది (డ్రైవర్ సీట్లో కూర్చుని ముందుకు చూస్తే), 1970 నుంచి ఎడమవైపు. బ్లాకుకి రెండూ బిగుస్తాయి, హోస్ మాత్రం అందదు. అమ్మేవాళ్లకి మీ పాత పంపు ఫోటో, టైమింగ్ కవర్ ఫోటో రెండూ పంపండి.
పాత పార్టు మీద పోతలో ఉన్న నంబరుతో ఆర్డర్ పెట్టబోతే చాలామంది తికమక పడతారు. అది ఇంజనీరింగ్ నంబరు. డబ్బా మీద ఉండేది సర్వీస్ నంబరు. సీ6జెడ్‌జెడ్ అని ఉంటే సీ అంటే 1960లు, 6 సంవత్సరం, మొదటి జెడ్ మస్టాంగ్, రెండో జెడ్ సర్వీస్ పార్టు అని. మధ్యలో వచ్చేది ఏ పార్టో చెప్పే మూల నంబరు: వాటర్ పంపుకి 8501, మాస్టర్ సిలిండర్‌కి 2140. వెతికేటప్పుడు దాన్ని పట్టుకోండి.
పంపు విప్పేటప్పుడు పొడుగు బోల్టులు విరుగుతాయి. అల్యూమినియం కవర్‌లో ఉక్కు బోల్టు ఏళ్ల తరబడి తడిలో ఉండి పట్టేస్తుంది. ముందు రోజు రాత్రే నూనె పట్టించి, వేడి చేసి, కాస్త బిగించి కాస్త వదులుతూ తీయాలి. కొన్ని బోల్టులు బ్లాకులో నీళ్లుండే చోటికి దిగుతాయి, వాటి మరలకి సీలెంట్ రాయకపోతే కొత్త పంపు వేసినా కారుతూనే ఉంటుంది. రెండు గాస్కెట్లు, బోల్టుల సెట్టు పంపుతోపాటే తెప్పించండి.

డ్రమ్‌బ్రేక్:
వీ8కి డ్రమ్ములు 10 అంగుళాలవి. షూ వెడల్పు ముందు 2¼, వెనక 1¾. సిక్స్ సిలిండర్ బండికి డ్రమ్ము 9 అంగుళాలే, చక్రానికి నట్లు కూడా నాలుగే. మీ చక్రానికి ఐదు ఉన్నాయో లేదో ముందు లెక్కపెట్టండి. సిక్స్‌ని వీ8గా మార్చి అమ్మిన బళ్లు తక్కువేం కాదు.
మాస్టర్ సిలిండర్ 1966లో ఒకే గది ఉన్నది, 1967 నుంచి రెండు గదులది. రెండు గదులది వేయాలంటే పైపులు, జంక్షన్ బ్లాకు కూడా మార్చాలి. సిలిండర్ ఒక్కటే తెప్పిస్తే అది అలమారులో కూర్చుంటుంది. వేసేటట్టయితే డ్రమ్ బ్రేకులకి ఉద్దేశించినదే అడగండి. డిస్కు బండిదైతే లోపల ప్రెషర్ నిలిపే వాల్వు ఉండకపోవచ్చు, అప్పుడు పెడల్ కిందికి జారుతుంది.
షూల దూరాన్ని తనంతట సరిచేసే సెల్ఫ్ అడ్జస్టర్ స్క్రూలకి కుడివైపు ఒక మర, ఎడమవైపు దానికి ఎదురు మర. తారుమారైతే షూలు డ్రమ్ముకి దగ్గర పడాల్సింది పోయి దూరం జరుగుతాయి. కిట్టు మీద ఏ వైపుదో చూసి, రెండు వైపులవీ తీసుకోండి.
బ్రేకు పైపు దగ్గర ఊళ్లో మెకానిక్కులు పొరపడతారు. దీనికి 3/16 అంగుళం పైపు, 3/8-24 నట్టు, చివర 45 డిగ్రీల డబుల్ ఫ్లేర్ (రెండు మడతలుగా విప్పిన అంచు). మెట్రిక్ బబుల్ ఫ్లేర్ (బుడగలా ఉబ్బిన అంచు) చేసి బిగిస్తే కొన్నాళ్లు ఆగినట్టే ఉంటుంది, తర్వాత కారుతుంది.

కంటైనర్:
అన్నీ ఒకే పెట్టె అంటే ఫెండర్ దెబ్బ కొడుతుంది. విమానంలో తూకం, ఘనపరిమాణం రెండింట్లో ఏది ఎక్కువైతే దానికి డబ్బు. మామూలు లెక్క: పొడవు × వెడల్పు × ఎత్తు సెంటీమీటర్లలో, భాగించు 5000. ఫెండర్ పెట్టె 160×75×35 అనుకుంటే 84 కేజీలకి చార్జీ. తక్కెడ మీద పెడితే అందులో నాలుగో వంతు కూడా తూగదు. ఫెండర్‌ని సముద్రంలో రానివ్వండి, మిగతావి విమానంలో. ఓడలో కొద్ది సరుకైనా సాధారణంగా కనీసం ఒక ఘనపు మీటరుకి కడతారు, దిగిన రేవులో హ్యాండ్లింగ్ చార్జీలు వేరే. అందుకని బంపర్లు, డోర్ షీట్లు లాంటి పెద్ద సరుకు ఎప్పటికైనా కావాలనుకుంటే అదే మీటరులో ఇరికించండి. చెక్క పెట్టె కడితే దాని మీద ఐఎస్‌పీఎం 15 ముద్ర (చెక్కలో పురుగులు లేకుండా శుద్ధి చేశారనే గుర్తు) ఉండాలి, లేకపోతే రేవులోనే ఆపేస్తారు.
చిన్న సామాన్లు నలుగురు అమ్మకందారుల దగ్గర కొని ఫార్వర్డర్ (అమెరికాలో సరుకు అందుకుని మీకు పంపే సంస్థ) అడ్రసుకి పంపించి ఒకటిగా కట్టించండి. ఆ అడ్రసు ఒరెగాన్‌లోనో డెలావేర్‌లోనో ఉంటే రాష్ట్ర సేల్స్ ట్యాక్స్ పడదు. ఒక చిక్కుంది: వాపసు గడువు పెట్టె ఫార్వర్డర్‌కి అందిన రోజు నుంచే నడుస్తుంది. తప్పు పార్టని మీకు తెలిసేసరికి అది అయిపోయి ఉంటుంది. అందుకే అక్కడే విప్పించి ఫోటోలు తీయించండి, ఆ రుసుము దండగ కాదు.
గ్యాస్ షాకులని కొందరు ఫార్వర్డర్లు విమానం ఎక్కించరు, ముందే అడగండి. పాత కార్బురేటర్, పెట్రోలు పంపు కొంటే పెట్రోలు వాసన లేకుండా కడిగించాలి. "కోర్ చార్జ్" (పాత పార్టు తిప్పి పంపితే వాపసిచ్చే డిపాజిట్) అని కనిపిస్తే అది పోయిన డబ్బే అనుకోండి, పాత ఇనుము తిప్పి పంపే ఖర్చు దాన్ని మించుతుంది.
ఇన్వాయిస్‌లో "కారు పార్టులు" అని ఒక్క వరుస వద్దు. కస్టమ్స్ కోడ్‌లతో బ్రేకులు 8708.30, ఫెండర్ 8708.29, వాటర్ పంపు 8413.30 అని విడివిడిగా, అసలు ధరతో రాయించండి. "గిఫ్ట్" అని వేయించి ధర తగ్గిస్తే, పెట్టె పోయిన రోజు ఇన్సూరెన్సు కూడా ఆ తగ్గించిన ధరకే.

పాతబండి_66:
అర్థమైంది. ఫోర్డ్ పాత డబ్బాలో వాడని బ్రేకు షూలు, వీల్ సిలిండర్లు చవగ్గా కనిపిస్తున్నాయి. తీసుకోనా?

డ్రమ్‌బ్రేక్:
వద్దు. ఆ కాలపు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది. చాలా దేశాల్లో దిగుమతి నిషేధం. ఆస్ట్రేలియాలో 2003 డిసెంబరు 31 నుంచే ఉంది, పాత కార్ల సామాన్లని ప్రత్యేకంగా చూస్తారు. పాత క్లచ్ ప్లేట్లు, గాస్కెట్లకీ ఇదే మాట. వీల్ సిలిండర్ల సంగతంటారా, డబ్బాలో ఉన్నా లోపలి రబ్బరు కప్పులు గట్టిపడిపోతాయి. ఇప్పుడు తయారైనవే తీసుకోండి, ఆస్బెస్టాస్ లేదని రాతపూర్వకంగా అడగండి.

రెంచి_916:
బేరింగులు, ఆయిల్ ఫిల్టర్ ఆ జాబితాలోంచి కొట్టేయండి. పాత బేరింగు కడిగి, లోపలి వలయం మీద చెక్కిన నంబరు చూడండి, ఎల్‌ఎం11949 లాంటిది ఉంటుంది. ఆ లోపలి వలయానికి (కోన్) ఒకటి, బయటి కప్పుకి ఇంకొకటి, రెండూ రాసుకుంటే ఏ దేశంలోనైనా బేరింగుల కొట్లో దొరుకుతాయి. ఫిల్టర్ ఫోర్డ్ బ్రాండు మోటార్‌క్రాఫ్ట్ ఎఫ్‌ఎల్-1ఏ, మర 3/4-16. దానికి సరిపోయేవి చాలా కంపెనీలు చేస్తాయి. సీలు ఉంగరం వ్యాసం కూడా పక్కన పెట్టి పోల్చుకోండి, మర కుదిరినంత మాత్రాన సీలు కుదరదు.