పై అంతస్తు కంప్యూటర్‌లోని ఫొటోలు కింద నాన్నగారి కంప్యూటర్‌లో కనిపించాలంటే?

దిల్‌సుఖ్‌నగర్ సభ్యురాలు:
అందరికీ నమస్కారం. మాది రెండంతస్తుల ఇల్లు. పైన నా డెస్క్‌టాప్ విండోస్ 11, కింద నాన్నగారిది విండోస్ 10. అక్క పెళ్లి ఫొటోలు, వీడియోలు కలిపి 80 జీబీ దాకా నా దాంట్లో ఉన్నాయి. ఆయన అడిగినప్పుడల్లా పెన్‌డ్రైవ్ పట్టుకుని మెట్లు దిగాల్సి వస్తోంది. ఫోల్డర్ షేర్ చేశాను గానీ ఆయన కంప్యూటర్‌లో నా కంప్యూటర్ పేరే రావట్లేదు. ఇంటర్నెట్ వాళ్ల బాక్సు కింద ఉంది. పైకి సిగ్నల్ అందక సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో ఇంకో రౌటర్ కొని, కేబుల్ లాగించి పెట్టించాం. తెలిసినాయన ఒకరు "ఎస్ఎంబీ1 ఆన్ చేసి, పాస్‌వర్డ్ ప్రొటెక్షన్ తీసెయ్, వచ్చేస్తుంది" అన్నారు. చెయ్యొచ్చా?

సైనిక్‌పురి సభ్యుడు:
ఆ రెండూ చెయ్యకండమ్మా. 2017 మేలో వన్నాక్రై వైరస్ ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి పాకింది ఎస్ఎంబీ1 అనే పాత ఫైల్ షేరింగ్ పద్ధతిలోని లోపం గుండానే. మీ రెండు విండోస్‌లకీ దాని అవసరమే లేదు, కొత్త ఎస్ఎంబీతోనే మాట్లాడుకుంటాయి. ఇక పాస్‌వర్డ్ తీసేస్తే, మీ వైఫై ఎవరెవరికి ఇచ్చారో, చుట్టాలైనా అద్దెకున్నవాళ్లయినా, అందరికీ ఆ ఫోల్డర్ తెరిచి పెట్టినట్టే.

నా అనుమానమంతా ఆ రెండో రౌటర్ మీద. రెండు కంప్యూటర్లలోనూ కమాండ్ ప్రాంప్ట్ తెరిచి 'ఐపీకాన్ఫిగ్' (ipconfig) అని కొట్టి, ఐపీవీ4 అడ్రస్ ఏముందో చెప్పండి.

దిల్‌సుఖ్‌నగర్ సభ్యురాలు:
కింద 192.168.1.34. పైన 192.168.0.102.

సైనిక్‌పురి సభ్యుడు:
అదే సంగతి. మూడో అంకె చూడండి, కింద 1, పైన 0. మీ పై రౌటర్ విడిగా తన సొంత నెట్‌వర్క్ నడుపుతోంది. దాని వెనకున్న కంప్యూటర్ కింద వాళ్లకి కనిపించదు. విండోస్‌లో ఎన్ని సెట్టింగులు మార్చినా లాభం ఉండదు.

పై రౌటర్ సెట్టింగ్స్ పేజీలో 'యాక్సెస్ పాయింట్ మోడ్' (సొంత నెట్‌వర్క్ నడపకుండా కింది నెట్‌వర్క్‌నే పైకి అందించేది) ఉందేమో చూడండి. ఉంటే అది పెట్టి సేవ్ చేస్తే చాలు. లేకపోతే ముందు డీహెచ్‌సీపీ (పరికరాలకి అడ్రసులు పంచే పని) ఆఫ్ చేసి, రౌటర్ సొంత అడ్రస్‌ని 192.168.1.2గా మార్చండి (అది ఇంకే పరికరానికీ లేదని చూసుకుని). ఆ తర్వాత, కింద నుంచి వచ్చే కేబుల్‌ని వ్యాన్ (ఇంటర్నెట్ వచ్చే) పోర్టులోంచి తీసి లాన్ (కంప్యూటర్లు తగిలించే) పోర్టులో గుచ్చండి. ఈ వరస తప్పితే రౌటర్ పేజీ మళ్లీ తెరవడం తలనొప్పి.

అప్పుడు రెండింటికీ 192.168.1తో మొదలయ్యే అడ్రసులే వస్తాయి. ఇక రెండు కంప్యూటర్లలోనూ నెట్‌వర్క్‌ని 'పబ్లిక్' నుంచి 'ప్రైవేట్'కి మార్చి, నెట్‌వర్క్ డిస్కవరీ, ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్ ఆన్ చెయ్యండి. అప్పటికీ పేరు రాకపోతే, నాన్నగారి ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో పైన అడ్రస్ కొట్టేచోట రెండు వెనకగీతలు (\\) పెట్టి మీ కంప్యూటర్‌కి వచ్చిన కొత్త ఐపీ అడ్రస్ కొట్టండి.

దిల్‌సుఖ్‌నగర్ సభ్యురాలు:
కనిపించిందండీ! కానీ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడుగుతోంది. నేను రోజూ కొట్టే పిన్ ఇస్తే తప్పంటోంది.

సైనిక్‌పురి సభ్యుడు:
పిన్ ఆ ఒక్క కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడే పనిచేస్తుంది, నెట్‌వర్క్ మీద చెల్లదు. మీ సొంత పాస్‌వర్డ్ కూడా అక్కడ పెట్టొద్దు. మీ కంప్యూటర్‌లో సెట్టింగ్స్, అకౌంట్స్, అదర్ యూజర్స్‌లోకి వెళ్లి, మైక్రోసాఫ్ట్ ఖాతా లేకుండా 'నాన్న' అని ఒక లోకల్ యూజర్‌ని చేసి, దానికో పాస్‌వర్డ్ పెట్టండి. ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో షేరింగ్‌కి వెళ్లి 'షేర్' నొక్కి ఆ పేరు కలపండి. ఆయన దగ్గర ఒక్కసారి కొట్టి, గుర్తుంచుకొమ్మని టిక్కు పెడితే మళ్లీ అడగదు.

అల్వాల్ సభ్యుడు:
ఇంకో మాట. ఫొటోలకి ఇబ్బంది ఉండదు గానీ, మొత్తం 80 జీబీ కింద కాపీ చేసుకోవాలంటే రౌటర్ లాన్ పోర్టులు చూసుకోండి. 100 ఎంబీపీఎస్‌వి అయితే సెకనుకి 11, 12 ఎంబీ మించదు, దాదాపు రెండు గంటలు. దారి పొడుగునా గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) ఉండి, డిస్కులు అందుకుంటే పావుగంటలో అయిపోతుంది. మీ ఇంటర్నెట్ ప్లాన్ స్పీడుకీ డేటాకీ దీంతో సంబంధం లేదు. పైన కంప్యూటర్ స్లీప్‌లోకి వెళ్తే మాత్రం కింద ఏమీ తెరుచుకోదు, ఆ టైమర్ మార్చండి.

దిల్‌సుఖ్‌నగర్ సభ్యురాలు:
పాస్‌వర్డ్ కూడా తీసుకుందండీ, నాన్న వీడియో చూస్తున్నారు. చాలా థ్యాంక్స్. ఆయనకి 'రీడ్' ఇవ్వాలా, 'రీడ్/రైట్' ఇవ్వాలా?

సైనిక్‌పురి సభ్యుడు:
'రీడ్' ఒక్కటే ఇవ్వండి. నెట్‌వర్క్ మీద డిలీట్ చేసిన ఫైలు రీసైకిల్ బిన్‌లోకి వెళ్లదు, నేరుగా పోతుంది. పెద్దాయన పొరపాటున ఒక్క కీ నొక్కితే పెళ్లి వీడియో దక్కదు. ఆయన మీకు ఫైళ్లు పంపాల్సి వస్తే దానికి వేరే ఖాళీ ఫోల్డర్ చేసి, దాని మీద మాత్రమే 'రీడ్/రైట్' పెట్టండి. షేర్ చేసినంత మాత్రాన ఇంకో కాపీ ఉన్నట్టు కాదు కాబట్టి, ఓ ఎక్స్‌టర్నల్ డిస్కులోకి కూడా ఎక్కించి బీరువాలో పెట్టుకోండి.