ప్రీమెడ్ మొదటి ఏడాది గ్రేడ్లు: కెమిస్ట్రీ మళ్ళీ తీసుకోవాలా?

ప్రశ్న:
నమస్కారం. అమెరికాలో ప్రీమెడ్ (మెడికల్ కాలేజీలో చేరడానికి ముందు చదివే డిగ్రీ చదువు) మొదటి సంవత్సరం ఇటీవలే పూర్తిచేశాను. జనరల్ కెమిస్ట్రీలో సి ప్లస్, బయాలజీలో బి మైనస్ రావడంతో జీపీఏ (గ్రేడ్ల సగటు) నాలుగుకు 2.9 దగ్గర ఆగిపోయింది. అమ్మానాన్నలకు ఇంకా చెప్పలేకపోతున్నాను. కెమిస్ట్రీ మళ్ళీ తీసుకుంటే పాత గ్రేడు చెరిగిపోతుందా?

మొదటి జవాబు:
చెరిగిపోదండీ. ఎండీ (అమెరికాలో డాక్టరు కావడానికి చదివే మామూలు వైద్య డిగ్రీ) కళాశాలల దరఖాస్తులు స్వీకరించే ఏఎంసీఏఎస్ అనే సేవ రెండు ప్రయత్నాలనూ లెక్కలోకి తీసుకుంటుంది. డీఓ (ఆస్టియోపతిక్ వైద్యం, అక్కడ డాక్టరు కావడానికి ఉన్న మరో డిగ్రీ) కళాశాలల దరఖాస్తులో పాత గ్రేడుకు బదులు కొత్తదాన్ని లెక్కించే పద్ధతి కూడా 2017లోనే ఆగిపోయింది. అయితే ఏఎంసీఏఎస్ జీపీఏను ఏడాదివారీగా విడివిడిగా చూపుతుంది, బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, గణితాలకు వేరుగా కూడా లెక్కగడుతుంది కనుక, రెండో ఏడాది నుంచి మీరు పుంజుకుంటే ఆ మార్పు దరఖాస్తు చదివేవారికి స్పష్టంగా కనిపిస్తుంది. నా అభిప్రాయంలో, సి ప్లస్‌ను తిరగరాయడం కంటే తర్వాత వచ్చే ఆర్గానిక్ కెమిస్ట్రీలో 'ఏ' గ్రేడు తెచ్చుకోవడం మేలు.

రెండో జవాబు:
నాదీ ఇదే పరిస్థితి. మిడ్‌టర్మ్ పేపరు పట్టుకుని ప్రొఫెసర్ ఆఫీస్ అవర్స్‌కు వెళ్తే, పోయిన మార్కుల్లో ఎక్కువ భాగం సమతాస్థితి లెక్కల్లోనే పోయాయని తేలింది. నోట్సుకు రంగులు పూయడం మానేసి, పుస్తకం మూసి రోజూ ఐదు లెక్కలు చేశాను. తర్వాతి సెమిస్టరులో బి ప్లస్ వచ్చింది.

మూడో జవాబు:
ఒక తల్లిగా చెబుతున్నాను నాన్నా, ఈ వారాంతంలోనే ఇంట్లో చెప్పెయ్యి. మార్కుల కన్నా, నువ్వు ఒంటరిగా కుమిలిపోయావన్న సంగతే వాళ్ళను ఎక్కువగా బాధిస్తుంది.