ఇరాన్‌లో యజ్ద్ వెళ్ళొచ్చినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? వైజాగ్ నుంచి అమ్మతో ప్లాన్

ఎంవీపీ_కుర్రాడు:

అందరికీ నమస్తే. మా అమ్మకి 61 ఏళ్ళు, ఇన్నేళ్ళలో కాశీ, తిరుపతి, షిర్డీ తప్ప ఇంకో ఊరు పేరెత్తలేదు, అలాంటిది ఇప్పుడు ఇరాన్‌లో యజ్ద్ అనే ఊరు చూడాలంటోంది. దీని వెనక కథంతా హుద్‌హుద్‌ది. 2014 అక్టోబర్‌లో తుఫాను తర్వాత మా వీధిలో రోజులకి రోజులు కరెంటు లేదు, ఆ ఉక్కలో అట్టముక్క ఊపుకుంటూ కూర్చోడం ఆవిడ ఇప్పటికీ మర్చిపోలేదు. ఈమధ్య యూట్యూబ్‌లో ఎవరో ఎడారిలో కరెంటు లేకుండానే ఇళ్ళు చల్లగా ఉండే ఊరు అని చూపించారు, అంతే, "కళ్ళతో చూస్తే గానీ నమ్మను" అని పట్టు పట్టింది.

నా డౌట్లు ఇవీ. ఎన్ని రోజులు పెట్టుకోవాలి? నాకు మేలో సెలవులు దొరుకుతాయి, అప్పుడు వెళ్ళొచ్చా? అమ్మకి మోకాళ్ళ నొప్పులు, పైగా ప్యూర్ వెజ్, గుడ్డు కూడా ముట్టదు, అక్కడ ఏం తింటుంది? ద్వారకానగర్‌లో ఒక ఏజెంటు మనకి వీసా అక్కర్లేదు, 15 రోజులు ఫ్రీ, ఇవాళే అడ్వాన్స్ కట్టేయండి అంటున్నాడు, నిజమేనా? మా నాన్నైతే ఎడారే కదా, జైసల్మేర్ తీసుకెళ్ళిపో అంటున్నారు.

డెక్_నుంచి_దిగినోడు:

బ్రో ముందు ఆ అడ్వాన్స్ ఆపు. ఏజెంటు చెప్పేది ఒకప్పటి మాట. 2024 ఫిబ్రవరి 4 నుంచి మనవాళ్ళకి ఫ్లైట్‌లో వెళ్తే 15 రోజులు వీసా లేకుండా రానిచ్చేవాళ్ళు, నిజమే, కానీ ఆ వెసులుబాటు 2025 నవంబర్ 22 నుంచి ఆపేశారు. ఎందుకంటే ఉద్యోగాలిప్పిస్తాం, అక్కణ్ణుంచి వేరే దేశం పంపిస్తాం అని చెప్పి మనోళ్ళని అక్కడ దింపి, కిడ్నాప్ చేసి ఇంటికి ఫోన్ చేసి డబ్బులు గుంజిన కేసులు బయటపడ్డాయి. కాబట్టి వీసా తీసుకునే వెళ్ళాలి. ఇంకోటి, 2025 జూన్‌లో అక్కడ యుద్ధం వస్తే మన గవర్నమెంట్ ఆపరేషన్ సింధు అని పెట్టి స్టూడెంట్లని వెనక్కి తీసుకురావాల్సొచ్చింది, మర్చిపోకు. అమ్మతో వెళ్తున్నావు, విదేశాంగ శాఖ అడ్వైజరీ చూడకుండా ఒక్క టికెట్టు కూడా కొట్టకు, వాళ్ళు వద్దంటే వద్దు, యజ్ద్ ఎక్కడికీ పారిపోదు.

నేను మర్చంట్ నేవీ. బందర్ అబ్బాస్ పోర్ట్ షిప్ మీంచి చూసీ చూసీ విసుగొచ్చి 2019లో లీవులో ఉన్నప్పుడు టూరిస్టుగా వెళ్ళా. టెహ్రాన్‌లో దిగి సౌత్ టెర్మినల్ నుంచి వీఐపీ బస్సెక్కా, వరసకి మూడే సీట్లు, మన గరుడ కంటే వెడల్పు, రాత్రెక్కితే పొద్దున్నకి యజ్ద్. ట్రైన్ కూడా ఉంది, అమ్మ మోకాళ్ళకి అదే బెటర్.

డబ్బుల దగ్గర జాగ్రత్త. వీసా కార్డు, మాస్టర్ కార్డు, మన యూపీఐ ఏవీ పనిచెయ్యవు, మొత్తం ట్రిప్‌కి సరిపడా డాలర్లో యూరోలో క్యాష్ పట్టుకెళ్ళి అక్కడ మార్చుకోవాలి. నోటు మీద రియాల్ అని ఉంటుంది, మనుషులేమో తుమాన్ అంటారు, ఒక తుమాన్ అంటే 10 రియాల్. మొదటిరోజు నేను ఉల్టా లెక్కేసుకుని స్వీట్ షాపులో పదింతలు ఇచ్చేశా, కౌంటర్లో ముసలాయన నవ్వుతూ నోట్లు ఒక్కొక్కటే నా చేతిలో వెనక్కి పెట్టాడు, వెనకాల లైన్లో ఉన్నోళ్ళు కూడా నవ్వారు. ఇంకో తమాషా, టాక్సీ దిగి ఎంతని అడిగితే "ఖాబెల్ నదారె" అంటాడు, అంటే మీ ముందు ఇదెంతండీ అని మర్యాద. తారోఫ్ అంటారు దాన్ని. ఫ్రీ అనుకుని దిగి వచ్చెయ్యకు సుమా, రెండుసార్లు అడుగు, మూడోసారి రేటు చెప్తాడు.

బీచ్‌రోడ్_బాబ్జీ:

ఎందుకు గురూ ఇంత రిస్కు, మీ నాన్నగారు చెప్పిందే కరెక్టు. ఇసక జైసల్మేర్‌లోనూ ఉంది, అన్నం పప్పు కూడా దొరుకుద్ది.

సీతమ్మధార_అక్క:

బాబ్జీ గారూ, యజ్ద్‌కి ఇసక కోసం ఎవరెళ్తారండీ. ఊరంతా పచ్చి ఇటుకతో కట్టిన ఇళ్ళు, అందుకే 2017లో యునెస్కో వాళ్ళు పాత ఊరు మొత్తాన్నీ వారసత్వ జాబితాలో పెట్టారు, అదీ సంగతి.

తమ్ముడూ, మేము 2018 అక్టోబర్ చివర్లో మా అత్తగారితో వెళ్ళాం, ఆవిడకప్పుడు 66. మే వద్దమ్మా, ఎండ మండిపోద్ది, అక్టోబర్ నెలాఖరు గానీ ఏప్రిల్ గానీ చూసుకో. మార్చి 21 నౌరూజ్, అంటే వాళ్ళ కొత్త సంవత్సరం, ఆ రెండు వారాలూ దేశం దేశమంతా ఊళ్ళ మీదే ఉంటుంది, రూములు దొరకవు. యజ్ద్‌లోనే మూడు రాత్రులు ఉండండి, పొద్దున్న తిరిగి మధ్యాహ్నం పడుకుని సాయంత్రం మళ్ళీ బయటికి రావాలి, ఆ ఊరివాళ్ళూ అంతే.

అత్తగారు మొదటిరోజంతా "ఏటే ఈ మట్టిగోడలు చూడ్డానికా ఇంత దూరం తెచ్చావు, మన నర్సన్నపేటలో లేవా" అని ఒకటే సణుగుడు. ఆవిడన్నదీ నిజమే అనుకో, మట్టీ గడ్డీ కలిపి తొక్కి మెత్తిన గోడలే, కాహ్‌గెల్ అంటారు, దగ్గరికెళ్తే సాయంత్రం ఎండలో ఆ గడ్డిపరకలు బంగారం తీగల్లా మెరుస్తాయి. ఫహాదాన్ అని పాత పేట ఉంది, సందులు ఎంత సన్నగా ఉంటాయంటే రెండు గోడల మీదా చేతులు ఆనతాయి, అక్కడక్కడా పైన కమాను కప్పేసి ఉంటుంది, నీడలోంచి నీడలోకే నడుస్తాం. తలుపులకి రెండు రకాల గొళ్ళేలు, మగవాళ్ళు కొట్టడానికి బరువైన కడ్డీ, ఆడవాళ్ళకి గుండ్రటి రింగు, చప్పుడుని బట్టి లోపల ఎవరు తలుపు తియ్యాలో తెలుస్తుందన్నమాట. అత్తగారు ఆ రెండూ మార్చి మార్చి కొట్టి చూస్తుంటే నిజంగానే ఒకావిడ తలుపు తీసింది, ఇంక మేము సారీలు చెప్పేలోపే లోపల కూర్చోబెట్టి టీ ఇచ్చేసింది.

టీ అంటే గుర్తొచ్చింది, ఇరానీ చాయ్ అని ఆశలు పెట్టుకోకండి, అక్కడ పాలే పొయ్యరు. ఎర్ర టీ, పంటి కింద పంచదార ముక్క పెట్టుకుని తాగుతారు, లేదంటే కుంకుంపువ్వు వేసిన పటికబెల్లం పుల్ల ఇస్తారు, నబాత్ అని, అదేసి కలుపుకోవాలి. తమాషా ఏంటంటే మన దేశంలో ఇరానీ హోటళ్ళు పెట్టినవాళ్ళలో చాలామంది ఆ యజ్ద్, కెర్మాన్ వైపు నుంచి వచ్చినవాళ్ళేనట, పాలు ఇక్కడికొచ్చాకే కలిపినట్టున్నారు!

వెజ్ కొంచెం కష్టమే కానీ పస్తులైతే ఉండరు. "బెదూనె గూష్ట్" అంటే మాంసం లేకుండా అని, ఈ ముక్క బట్టీ పట్టు, గుడ్డుకి "తొఖ్మె మోర్గ్" అంటారు, అది వద్దని కూడా చెప్పాలి, ఎందుకంటే టమాటా వంటకం అంటే ఆమ్లెట్టే పట్టుకొస్తారు. రొట్టె, పెరుగు, పన్నీరు, వాల్‌నట్స్, ఖర్జూరం, కుంకుంపువ్వు అన్నం ఎక్కడైనా దొరుకుతాయి, వంకాయ కూర కష్కె బాదెంజాన్ అని బ్రహ్మాండంగా ఉంటుంది. సూపుల్లో మాంసం నీళ్ళు పోస్తారేమో అడిగి తీరాలి. స్వీట్లకి ఆ ఊరు పెట్టింది పేరు, ఖొత్తాబ్ అని బాదం పొడి కూరి నూనెలో వేయించి పంచదార పొడిలో దొర్లిస్తారు, మన కజ్జికాయకి చిట్టి చెల్లెలు, పష్మక్ అయితే అచ్చం పీచుమిఠాయే.

బట్టలకి మన పంజాబీ డ్రెస్, తల మీద చున్నీ చాలు.

ఉక్కునగరం_మాస్టారు:

బాబూ, నేను రిటైర్డ్ మెకానికల్ ఇంజనీర్ని. మీ అమ్మగారి డౌట్ చాలా మంచి డౌట్, దానికి కాస్త వివరంగా చెప్తాను, విసుక్కోకుండా చదువు.

ఇళ్ళ మీద పొగగొట్టాల్లా కనిపించేవాటిని బాద్‌గీర్ అంటారు, బాద్ అంటే గాలి, గీర్ అంటే పట్టేది. మనం గుడి ముందు గాలిగోపురం అంటామే, పేరుకి అదీ గాలిదే గానీ ఇది నిజంగా గాలి పనే చేస్తుంది. లోపల నిలువుగా అడ్డగోడలు పెట్టి గదులు చేస్తారు, గాలి కొట్టే వైపు గదిలోంచి గాలి కిందికి దిగుతుంది, రెండోవైపు నుంచి ఇంట్లో వేడిగాలి పైకి లాగేస్తుంది. గాలే లేనిరోజు కూడా ఎండకి గొట్టం పైభాగం వేడెక్కి లోపలి గాలిని పైకి పీలుస్తుంది. దౌలతాబాద్ తోటలో ఉన్నది అన్నిటికంటే పొడుగు, సుమారు 33 మీటర్లు, 18వ శతాబ్దంలో కట్టింది. ఎనిమిది పలకల గొట్టం, సరిగ్గా దాని కింద నీళ్ళ తొట్టి. మా ఆవిడ ఆ తొట్టి పక్కన నిలబడితే కొంగు దానంతటదే లేచి ఎగిరింది, బయట ఆకు కదలట్లేదు. ఇంటికొచ్చాక ఏసీ వేసినప్పుడల్లా నన్ను దెప్పుతోంది.

అయితే అసలు చల్లదనం గొట్టంది కాదు, నీళ్ళది. అంత ఎడారిలో తొట్టెలోకి నీళ్ళెక్కడివి? ఖనాత్. షీర్‌కూహ్ కొండ పాదంలో లోతైన తల్లిబావి తవ్వి, అక్కణ్ణుంచి ఊరిదాకా భూమిలోపల సన్నటి సొరంగం, వాలు మరీ ఎక్కువైతే నీళ్ళు గోడలు కోసేస్తాయి, మరీ తక్కువైతే పూడిక పడుతుంది, ఆ మధ్య లెక్క వాళ్ళు నూనెదీపాల కాలంలోనే పట్టారు. మోటారు లేదు, పంపు లేదు, వాలే పని చేస్తుంది. జార్చ్ ఖనాత్ అయితే 70 కిలోమీటర్ల పైమాటే. సొరంగం తవ్వేవాళ్ళని ముఖన్నీలంటారు, తెల్లబట్టలు కట్టుకుని దిగేవారు, చీకట్లో కనపడ్డానికీ అదే, లోపల కూలితే శవానికి చుట్టే గుడ్డా అదే. ఈ లెక్కలన్నీ వాటర్ మ్యూజియంలో చూపిస్తారు, మెట్లు దిగాలి, మోకాళ్ళు చూసుకోమను. జామె మసీదు అయితే మెట్లు లేకుండానే చూడొచ్చు, 50 మీటర్లు దాటిన జంట మీనార్లు, నీలం పలకలు, తలెత్తి చూసీ చూసీ మెడ పట్టేస్తుంది.

కారు మాట్లాడుకుని ఒకరోజు మెయిబోద్ వెళ్ళండి. అక్కడ మట్టి గుమ్మటం ఒకటి ఉంది, యఖ్‌చాల్, ఐసు గొయ్యి. చలికాలం రాత్రులు పల్చటి మడుగుల్లో నీళ్ళు గడ్డకట్టించి, తెల్లారేలోపు పగలగొట్టి గుమ్మటం కింద గోతిలో దాచి వేసవిలో తీసేవారు.

ఎంవీపీ_కుర్రాడు:

మాస్టారూ, అక్కా, అన్నా, దండాలు. ఏజెంటుకి ఫోన్ చేసి నవంబర్ రూల్ సంగతి అడిగితే "అవునా సార్, కనుక్కుంటా" అని పెట్టేశాడు, మళ్ళీ ఎత్తట్లేదు. అమ్మకి మీ పోస్టులన్నీ చదివి వినిపించా. ఆవిడవి రెండు ప్రశ్నలు. ఒకటి, అక్కడ 1500 ఏళ్ళుగా ఆరని నిప్పు ఉందట, నిజమా? రెండోది, నన్ను తిట్టకండి, మన మేడ మీద ఆ బాద్‌గీర్ ఒకటి కట్టించొచ్చా అని.

సీతమ్మధార_అక్క:

నిప్పు నిజమే, ఆతెష్ బెహ్రామ్ అంటారు, జొరాస్ట్రియన్ల గుడి, మన పార్సీల మతం వాళ్ళే. క్రీ.శ. 470 నుంచీ వెలుగుతోందని వాళ్ళ నమ్మకం, ఊళ్ళు మారుతూ మారుతూ యజ్ద్ చేరింది, ఇప్పుడున్న కట్టడం మాత్రం 1934ది, దానికి బొంబాయి పార్సీలు డబ్బు సాయం చేశారు. మన గుజరాత్ ఉద్వాడాలో పార్సీలు కానివాళ్ళని నిప్పు దగ్గరికి రానివ్వరు కదా, ఇక్కడ అద్దం వెనకనుంచి ఎవరైనా చూడొచ్చు. పెద్ద కంచు పాత్ర, నిదానంగా మండే కట్టెలు, అంతే. మా అత్తగారు అద్దం ముందు చెప్పులు విప్పి దండం పెట్టుకున్నారు, ఎవరూ ఏమీ అనలేదు.

ఊరి బయట గుట్టల మీద దఖ్మాలున్నాయి, శవాల్ని రాబందులకి వదిలే గుండ్రటి గోడలు, ఇప్పుడు వాడట్లేదు. చూడ్డానికి వెళ్ళినోళ్ళు గోడలెక్కి సెల్ఫీలు తీసుకుంటుంటే నాకు ఒళ్ళు మండింది, మన శ్మశానంలో ఎవడైనా అలా చేస్తే ఊరుకుంటామా. గుట్టెక్కాలి కాబట్టి అమ్మని కింద నుంచే చూడమను. చక్‌చక్ గుడి కూడా అంతే, కొండమీద బోలెడు మెట్లు, పేరుకి తగ్గట్టు రాతిలోంచి టప్ టప్‌మని నీళ్ళు కారుతుంటాయి. ఆవిడ ఎక్కలేదనుకుంటే వదిలేయండి.

ఉక్కునగరం_మాస్టారు:

మేడ మీద గొట్టం కట్టించడానికి పెద్ద ఖర్చేం కాదు, పనిచెయ్యదంతే. యజ్ద్ గాలి పొడి గాలి, ఏడాది మొత్తం కలిపినా అక్కడ వాన 6 సెంటీమీటర్లకి అటూఇటూ, మనకి ఒక్క అల్పపీడనం అంతకంటే ఎక్కువ కురిసిపోతుంది. పొడి గాలిలో నీళ్ళు ఆవిరైతే చల్లబడుతుంది, మన గాలిలో ఆల్రెడీ సముద్రం సగం ఉంది, ఇంకేం ఆవిరవుతుంది. వాటర్ కూలర్ కర్నూల్లో బ్రహ్మాండంగా పనిచేస్తుందా, అదే కూలర్ ఇక్కడ పెడితే మంచం దుప్పటి తడుస్తుందా, ఇదీ అదే. అమ్మగారికి తూర్పు కిటికీ, పడమర కిటికీ రెండూ ఎదురెదురుగా తెరిచి పెట్టమని చెప్పు.

ఎంవీపీ_కుర్రాడు:

చెప్పా మాస్టారూ. తూర్పు కిటికీ ఎదురుగా పక్కింటాయన మూడంతస్తులు లేపేశాడని గుర్తు చేసింది. సరే, వీసా వచ్చి అడ్వైజరీ బావుంటే అక్టోబర్ చూస్తాం. లగేజీలో ఆవకాయ సీసా పెట్టనిస్తారా అన్నా?

డెక్_నుంచి_దిగినోడు:

చెకిన్‌లో పెట్టు, హ్యాండ్ లగేజీలో వద్దు. మూతకి టేపు గట్టిగా చుట్టు, నాది ఒకసారి కారి షిప్ యూనిఫాం మొత్తం ఎర్రగా అయిపోయింది.